నూకన్న జీపు మీది డాల్డా డబ్బా

బ్రూక్షాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ బజారుకు పోయే దారిలో ఒక ఎత్తు ఉంది. ఆ ఎత్తు సగంలో బోనెట్ లేపుకుని ఒక పాత జీపు ఆగి ఉంటే అది నూకన్నదేనని దారిన పోయేవాళ్ళందరికీ తెలుసు. పాపం, ఇంజను మళ్ళీ మరిగినట్టుంది అనుకుంటూ పోతారు. అసలు సంగతి వేరు.

నూకన్నది భీమిలి దగ్గర ఒక చేపలపల్లె. స్వాతంత్ర్యం వచ్చాక దీవులకు జనం వలస వస్తున్న రోజుల్లో, మీసం సరిగా రాకుండానే వలల మూటతో ఓడ దిగాడు. పడవలకు మోటార్లు వచ్చినప్పుడు అందరూ వాటిని చూసి బెదిరితే అతను వాటి దగ్గరే కూర్చుండిపోయాడు. ఇంజను ఎక్కడ దగ్గుతోందో చెవి పెట్టి చెప్పేవాడు. మనుషుల దగ్గర మాత్రం నోట్లో నాలుక లేనివాడు. పెళ్ళాం గవరమ్మ జ్వరంతో పోయింది, పిల్లలు లేరు. హాడో రేవులో పడవల పని ముగించుకుని ఇంటికొచ్చి, వండిన గిన్నెలోనే కలుపుకుని తినేవాడు. ఒక్కడికి కంచం ఎందుకని అతని వాదన. కంచం ముందు పెట్టుకుంటే ఎదురుగా ఎవరూ లేరన్నది మరీ తెలిసిపోతుందని లోపలి భయం.

ఆ ఎత్తు కిందనే దేముడమ్మ ఇల్లు. వరసకు నూకన్నకు మేనమామ కూతురు. మొగుడు అసిరయ్య సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ ఎత్తెక్కి బజారులో చేపలమ్మేది, మిగిలినవి పెరట్లో పందిరి మీద ఎండబెట్టేది. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు. అయితే ఆ మాట మగవాడు తానే వెళ్ళి అడగకూడదు, పెద్దమనిషి నోటి మీదుగా వెళ్ళాలి. సొంత ఊళ్ళో అయితే అందుకు అరుగుకొక పెద్ద దొరుకుతాడు. ఇక్కడ వాళ్ళ ఊరివాళ్ళలో పెద్దరికం చేసే ముసలాయన ఎప్పుడో పోయాడు. నూకన్న తరఫున మాట్లాడేవాడే లేడు.

మాట లేనివాడు బండి కొన్నాడు. వేలంలో తుక్కు కింద అమ్మిన సర్కారు జీపు అది. నెలల తరబడి దాన్ని విప్పి, కడిగి, బిగించాడు. చిరిగిన ముందు సీటుకు మాత్రం కొత్త గుడ్డ కుట్టించాడు. బజారుకు పోయేటప్పుడు ఆ సీట్లో దేముడమ్మ కూర్చుంటుంది. కొన్నాళ్ళు అలా కూర్చుంటే అడగవలసిన మాట దానంతట అదే తెలిసిపోతుందని అతని లెక్క.

బండి చదునులో బాగానే పోయేది, ఎత్తు మీద ఆయాసపడేది. బోనెట్ కింద వేడిగాలి పీలుస్తోంది కాబట్టి ఇంజను నీరసపడుతోందని నూకన్న పట్టేశాడు. అది నిజమే. పడవ మీద కూడా ఇంజను ఊపిరి పీల్చే మూతిని చల్లగాలి వైపే తిప్పేవాడు. అందుకని గాలి వడపోసే ఫిల్టరును ఒక పెద్ద డాల్డా డబ్బాలో కూర్చి, బండి ముక్కు మీద, రేడియేటర్ ముందుండే జాలీకి అడ్డంగా బిగించి, రబ్బరు గొట్టంతో ఇంజనుకు కలిపాడు. ఆయాసం పోయింది. అంతా కుదిరిందనుకునేలోగా బండి మరగడం మొదలుపెట్టింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డాడు.

సముద్రం మీద పెరిగిన చేతులు చేసిన పొరపాటు అది. అతనెరిగిన పడవ ఇంజనును చల్లబరిచేది సముద్రపు నీళ్ళు. ఆ పనికి గాలితో సంబంధం లేదు. జీపులో నీళ్ళను గాలే చల్లబరచాలన్న సంగతి అతనికి తెలియదని కాదు, తట్టలేదు. నీళ్ళ పంపు మార్చాడు, గొట్టాలు మార్చాడు, రేడియేటర్ విప్పి కడిగాడు. ఎత్తు మధ్యలో ఆవిరి కక్కుతూ బండి ఆగితే దేముడమ్మ బుట్ట దింపుకుని నడిచిపోయేది. చేప ఎండకు ఆగదు కదా. కొన్నిసార్లయ్యాక జీపు ఎక్కడమే మానేసింది. ‘మీ బావ బండికి నువ్వే నీళ్ళు మొయ్యాలేమో’ అని బజారులో ఆడవాళ్ళు వేళాకోళమాడారట. ఆ మాట విన్న రోజు నూకన్నకు అన్నం సయించలేదు.

ఇంతలో దేముడమ్మ అన్న లక్ష్ముడు ఓడలో వచ్చిన వాళ్ళతో కబురు పంపాడు, ఒంటరిగా అక్కడెందుకు, ఊరికి వచ్చెయ్యమని. ఆమె సరేనంది. సామాన్లు హాడోకు నేను దింపుతానని నూకన్న అన్నాడు. ఆమెను ఆ సీట్లో కూర్చోబెట్టుకోవడం అదే ఆఖరు. ఆ లోపల అడగకపోతే ఇక అడగడమంటూ ఉండదు.

ఎత్తు సగంలో బండి మరిగింది. మునుపు చేపల బుట్టతో దిగి నడిచిపోయేది, ట్రంకుపెట్టెతో ఎక్కడికి పోతుంది? ఇద్దరూ దిగారు. నూకన్న బోనెట్ లేపాడు. దేముడమ్మ బండి ముందుకొచ్చి నిలబడి డాల్డా డబ్బాను చాలాసేపు చూసింది.

“ఏటి బావా, ఎండుసేపల పందిరికి గాలొచ్చే ఏపున గోనె కడతారేటి?” అంది.

“ఇంజనుకి సల్లగాలి కావాల. అందుకే ముందర పెట్టినాను.”

“ఇంజనుకి పెట్టినావు. మరి నీళ్ళకేదీ?”

నూకన్న డబ్బా వంకా, దాని వెనక ఉడుకుతున్న రేడియేటర్ వంకా చూశాడు. తెలిసిపోయింది. డబ్బాను పక్కకు జరిపితే చాలు, ఇంజనుకు చల్లగాలి అందుతుంది, జాలీకి దాని గాలి దానికుంటుంది.

జరపకుంటే ఓడ తప్పిపోతుందని కూడా అప్పుడే తెలిసింది. విశాఖకు మళ్ళీ ఓడ ఎప్పుడుంటుందో చెప్పలేరు. ఆవిరి తగ్గేదాకా కదలలేమని అబద్ధమాడితే ఆమె నమ్ముతుంది. అలాగే చెప్పమంది నూకన్న గుండె. కానీ చేతులు గుండె మాట వినలేదు. తప్పు కనబడ్డాక దాన్ని అలాగే వదిలెయ్యడం ఆ చేతులకు పుట్టుకతో రాదు. డబ్బా విప్పి, బోనెట్ పక్కన మడ్‌గార్డు మీదికి మార్చి, గొట్టం వంచి, పడవముడితో తాడు బిగించాడు. బండి చల్లారాక నీళ్ళు పోసి మళ్ళీ స్టార్టు చేశాడు. మిగిలిన ఎత్తంతా జీపు చుక్క ఆవిరి లేకుండా ఎక్కింది.

హాడోలో ఓడ మెట్లు ఇంకా తీయలేదు. కూలీ పెట్టె మోసుకుపోయాడు. దేముడమ్మ మాత్రం బండి దగ్గరే నిలబడి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉండిపోయింది.

“మరేటీ సెప్పేది నేదా బావా?”

పెద్దమనుషులు లేరు. ఎవరి నోటా రాని మాట తన నోట ఎలా తేవాలో నూకన్నకు తెలియలేదు. బోనెట్ మీద చెయ్యి వేశాడు.

“నువ్వు సెప్పినట్టే సేసినాను. మరి మరగలేదు,” అన్నాడు.

“మంచిది,” అని ఆమె మెట్లవైపు నడిచింది.

ఓడ రేవు దాటేదాకా నిలబడి, నూకన్న తిరిగి బయలుదేరాడు. పక్క సీటు ఖాళీగా ఊగుతోంది. ఆమె బుద్ధి వల్ల బాగుపడ్డ బండి, ఆమె లేకుండా హాయిగా పోతోంది. ఎత్తు మీద తామిద్దరూ నిలబడ్డ చోటు వచ్చింది. ఆగడానికి ఏ కారణమూ లేదు. ఆపి, బోనెట్ లేపి, రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాడు.

ఆ జీపు తర్వాత ఎన్నో ఏళ్ళు తిరిగింది. డబ్బా తుప్పు పడితే అక్కడే మరో డబ్బా కట్టాడు. ఇంజను మళ్ళీ ఎన్నడూ మరగలేదు. అయినా ఆ ఎత్తు మీదికి రాగానే బండి ఆపి బోనెట్ లేపేవాడు. దారిన పోయే ఆటోవాడు ఎవడో తల బయటపెట్టి, “క్యా భయ్యా, గరమ్ హో గయా?” అని అడిగేవాడు.

“హాఁ భయ్యా,” అనేవాడు నూకన్న. “కూసింత సల్లారనీ, ఎల్తాను.”