అరగదీసిన వంశముద్ర

ఫ్రాన్సులో వరసగా రెండు తరాలు మంత్రులను కన్న ఒక వంశాన్ని అక్కడి విప్లవం కూడా పూర్తిగా తుడిచిపెట్టలేకపోయింది. ఆ పని షార్జాలో, పాలిష్ చక్రం మీద, ఒక్క మధ్యాహ్నంలో ముగించినవాణ్ని నేను. అదీ బేరమాడి. పాలిష్ పట్టేవాడు చెంచాకు ఇరవై దిర్హాములు అడిగాడు, పదిహేనుకు దించాను.

నేను నెల్లూరులో స్టీలు సామాన్ల అంగట్లో, గల్లాపెట్టె పక్కన పెరిగాను. అంగడి ముందు పేర్లు కొట్టే మిషను రోజంతా గీపెడుతుండేది. పెళ్ళికి చదివించేవాళ్ళు బిందెల మీద, పళ్లేల మీద పేర్లు కొట్టించుకునేవాళ్ళు. పేరు పడ్డ సామాను ఎవరైనా వెనక్కి తెస్తే మా నాయన, తూకానికైతేనే తీసుకుంటానని తక్కెడ వైపు చూపించేవాడు.

"ఇంకొకరి పేరున్న గిన్నెలో ఎవరు తింటారబ్బా?" అనేవాడు. నా వ్యాపార చదువంతా ఆ ఒక్క మాటే.

2020లో దుబాయ్‌లోని జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోడౌన్ పని చేస్తూ, శుక్రవారాల్లో పాత సామాన్లు కొని అమ్మేవాణ్ని. కరోనాతో ఉద్యోగాలు పోయి ఎంతోమంది ఇళ్ళు ఖాళీ చేస్తున్న రోజులవి. నా గదిలో ఉండే కడప తమ్ముడికి పికప్ ఉండేది. అలా ఇద్దరం ఒక ముసలి ఫ్రెంచి ఆయన ఫ్లాటుకు వెళ్ళాం. పెద్ద హోటల్లో, విందులకు వచ్చిన గొప్పవాళ్ళలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆయన నిర్ణయించేవాడట. విందులు ఆగిపోయాయి, జీతమూ ఆగిపోయింది. అమ్మడానికి మిగిలినవి పన్నెండు వెండి చెంచాలు. కాడల మీద ఆయన వంశముద్ర, మూడు పిట్టలు, వాటి కింద ఒక అడ్డగీత.

"ఈ గీత ఏమిటో తెలుసా?" అన్నాడాయన, మాకు టీ పోస్తూ. "బల్లెం అని మా తాత చెప్పేవాడు. వంతెన అని ముత్తాత. నిజానికి ఇది గుడ్డ కొలిచే గజంబద్ద. మా మొదటాయనది బట్టల కొట్టు."

నాకు ఒక్కసారిగా చుట్టరికం కలిసినట్టయింది. ఆ కొట్టాయన సైన్యానికి అప్పు మీద బట్ట ఇచ్చాడట. కొడుకు ఖజానాలో పదవి కొన్నాడు, పదవితో పాటు బిరుదు వచ్చింది. మనవడు మంత్రి. అతని కొడుకూ మంత్రే, రాజుతో పాటు తల పోయింది. తర్వాత ఒక రాయబారి, ఒక ఎమ్మెల్యే లాంటివాడు, ఒక చిన్న ఊరి మేయరు, చివరికి ఈయన.

"అన్నా, ఈయప్ప రాజుల కాడ్నుంచి ఎత్తుకున్యాడు. మన కాలానికి ఎప్పుడొస్తాడు?" అన్నాడు తమ్ముడు తెలుగులో.

ఆ బేరానికి మూడు శుక్రవారాలు పట్టాయి. మూడోసారి నేను వెళ్ళింది చెంచాల కోసం కాదేమో. విమానాలు లేని ఆకాశం, పరదాలు తీసేసిన కిటికీ, మంత్రులు పోట్లాడుకున్న కథలు చెబుతూ ఆయన పోసే టీ. ఆ గదిలో కూర్చున్నంతసేపూ మా అంగట్లో కూర్చున్నట్టే ఉండేది. అయినా నోరు ఊరుకోదు కదా.

"ఇంకొకరి గుర్తున్న సరుకు సార్. మా వైపు తూకానికే కొంటారు."

"ఈ గుర్తు కోసం మావాళ్ళు ప్రాణాలిచ్చారు."

"ప్రాణాలకు రేటు లేదు సార్, వెండికుంది."

ఆయన చాలాసేపు నవ్వి, నా ధరకే ఒప్పుకున్నాడు. "ఆ గుర్తు ఇంకెక్కడా మిగల్లేదు. వాడుకునే ఇంటికే ఇవ్వండి" అన్నాడు. అలాగే అన్నాను.

అందుకే మరి ఆ గుర్తు తీయించాను. శుభ్రంగా ఉంటే మంచి ఇల్లు దొరుకుతుందనుకున్నాను. మెరిసిపోతున్న చెంచాలను పాత వెండి కొనే షాపుకు తీసుకెళ్ళాను. షాపాయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముద్ర ఉండాల్సిన చోటు అరిగిపోయింది. ముద్రుంటే అన్నిటికీ కలిపి నాలుగు వేలు ఇచ్చేవాణ్ని. ఇప్పుడు తూకమే. ఖలాస్."

పదకొండు అమ్మేశాను. ఒకటి మా గదిలో చక్కెర డబ్బాలో ఉండిపోయింది.

రెండేళ్ళకు ఫ్రాన్సు నుంచి ఆ ముసలాయన ఫోన్. మనవరాలికి కొడుకు పుట్టాడట. ముద్ర ఉన్న చెంచా ఒక్కటి కావాలి, ఎంతైనా ఇస్తానన్నాడు. మళ్ళీ కొట్టించి పంపుదామా అని నా బుర్ర ఒక్క క్షణం షార్జా దాకా వెళ్ళొచ్చింది. కానీ ఆ పిట్టలు ఎటు చూస్తుండేవో కూడా నాకు గుర్తు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.



"అయితే మళ్ళీ బట్టల కొట్టు దగ్గరికే వచ్చాం" అన్నాడాయన. "ఆ బోడి చెంచానే పంపండి. వాడే ఏదో ఒకటి చెక్కించుకుంటాడు. ధర చెప్పండి."

జన్మలో మొదటిసారి ధర చెప్పలేకపోయాను.

లెక్క ఇదీ. కొన్నది పన్నెండు వందల దిర్హాములు. పాలిష్ నూట ఎనభై. పెట్రోలు అరవై. ఫ్రాన్సుకు కొరియర్ నూట యాభై ఐదు. అమ్మింది పదహారు వందలు. లాభం ఐదు దిర్హాములు. ముద్ర ఉంచి అన్నీ అమ్మి ఉంటే రెండు వేల ఏడు వందల నలభై మిగిలేది. ఒకటి ఆయనకే పంపి ఉంటే కొంచెం తగ్గేది, ఆ మునిమనవడి చేతిలో మూడు పిట్టలుండేవి.