చమక్ తర్వాతి మాట

దయ్యాలంటే నాకు చదువుకునే రోజుల నుంచే నవ్వులాట. శాలిబండలో మా ఇల్లు గుడి గోడకు ఆనుకుని ఉండేది. మా బాపు ఆ గుడిలో అర్చకుడు. ఎవరి పిల్ల జడుసుకున్నా, ఎవరికి గాలి సోకిందనిపించినా తీర్థం చల్లించుకోవడానికి మా గడప తొక్కేవారు. బాపు తీర్థం చల్లి పంపేవాడు. వాళ్లు అటు తిరగగానే నేను ఇటు ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి.

కొరివి దయ్యం పేరెత్తితే ఇక నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. చెరువు పక్కన మంట ఆడుతుంటే చూశామని ఎవరైనా అంటే, అది దయ్యం కాదు, బురదలో కుళ్లిన ఆకుల నుంచి లేచే గ్యాసు అని పట్టుకుని మరీ చెప్పేవాణ్ణి. నేను చదివేది ఆ చదువే మరి. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి వీడెవడో పిరికివాడు అనుకోకూడదని.

హైదరాబాదు ఇంకా వేరే రాష్ట్రంగా ఉన్న రోజులవి. యూనివర్సిటీలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చిన కొత్త. నేను చేరింది ఇంధనాల కోర్సులో. భూమిలోంచి నూనె, గ్యాసు ఎట్లా తీస్తారు, ఎట్లా శుద్ధి చేస్తారు, ఎట్లా నిలవ పెడతారు, ఎక్కడికి ఎంత పంపాలి, ఇవీ మా పాఠాలు. ఇంగ్లీషులో ఆ కోర్సు పేరు బారెడు. మా బస్తీలో మాత్రం దానిపేరు గ్యాస్‌నూనె చదువు.

మా దిక్కు కిరోసిన్‌ను గ్యాస్‌నూనె అంటారు. నేను నూనె, గ్యాసు అని విడివిడిగా చెబితే వాళ్లు రెండూ కలిపేశారు. మా మేనత్త నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. "గుళ్లె దీపం పెట్టేటోని కొడుకు గ్యాస్‌నూనె అమ్ముతడా?" అని. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం భాయ్ అయితే నేను కనపడ్డప్పుడల్లా "క్యా భాయ్, ఘాస్‌లేట్ కీ డిగ్రీ కబ్ మిల్తీ?" అని, ఆ గ్యాస్‌నూనె డిగ్రీ ఎప్పుడొస్తుందని పదిమందిలో అడిగేవాడు. నాకు ఒళ్లు మండేది. నా పక్కనున్న సామేలు మాత్రం పగలబడి నవ్వేవాడు.

సామేలు మా వెనక గల్లీ వాడు. వాళ్ల నాయన బస్సుల వర్క్‌షాపులో మెకానిక్. తల్లి రాహేలమ్మ. మేమిద్దరం ఒకే బడి, ఒకే కాలేజీ, చివరికి ఒకే కోర్సు. పొద్దున బస్సులో కలిసి పోవడం, సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చుని చదవడం. చదవడం అంటే, నేను చదివేవాణ్ణి, వాడు నాకు అర్థమయ్యేలా చెప్పేవాడు.

ప్రతిదానికీ వాడి మాట వాడికుండేది. ఒక్కటి చెబుతాను, తర్వాత దీనితో పని ఉంది. ల్యాబులో మేము నూనెను చిన్న గిన్నెలో పోసి, కింద మెల్లగా వేడి చేస్తూ, పైన సన్నటి మంట చూపించేవాళ్లం. కొంత వేడికి నూనె మీద నీలంగా ఒక మెరుపు వచ్చి వెంటనే పోతుంది. ఇంగ్లీషులో అది ఫ్లాష్ పాయింట్. ఇంకా వేడి చేస్తే మంట అంటుకుని నిలబడుతుంది. అది ఫైర్ పాయింట్. సామేలు మొదటిదాన్ని చమక్ అనేవాడు, రెండోదాన్ని పకడ్ అనేవాడు. మెరవడం వేరు, పట్టుకోవడం వేరు. క్లాసులో మా హెడ్ సారు అడిగినా అవే మాటలు. "సాబ్, పహ్లే చమక్, బాద్‌మే పకడ్." మేమందరం సార్ అంటే వాడొక్కడు సాబ్ అనేవాడు. వర్క్‌షాపులో నాయన దగ్గర అబ్బిన అలవాటు అది.

కోర్సు చివర ఒకే ఒక్క సీటు ఉండేది. అస్సాం నూనె బావుల దగ్గర శిక్షణ, అది పూర్తయితే అక్కడే ఉద్యోగం. బయటినుంచి ఒక పెద్దాయన వచ్చి నోటి పరీక్ష పెట్టి ఒకరిని ఎంచుకుని పోతాడు. ఆ సీటు సామేలుదేనని మా క్లాసులో గోడలకు కూడా తెలుసు. నాకూ ఏ అసూయా లేదు. వాడు అస్సాం పోతే చలికి ఏం తొడుక్కోవాలో కూడా అరుగు మీద మేమిద్దరం మాట్లాడుకున్నాం.

పరీక్ష దగ్గరపడగానే సామేలుకు జ్వరం పట్టుకుంది. టైఫాయిడ్ అన్నారు. మూసీ ఒడ్డున పెద్ద దవాఖానలో చేర్పించారు. నేను హెడ్ సారు కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన మంచివాడే, అడిగి చూశాడు. కానీ వచ్చే పెద్దాయన ఆ సాయంత్రమే రైలెక్కిపోతాడట. వాయిదా కుదరదన్నారు.

పరీక్షకు ముందు రోజు దవాఖానకు పోయాను. సామేలు కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను గుర్తుపట్టలేదు. ఏదేదో సంధి ప్రేలాపన. రాహేలమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. "నువ్వన్న మంచిగ చెప్పి రా బిడ్డా. ఇద్దర్ల ఒక్కరికి వచ్చినా నాకు ఒక్కటే" అంది. ఆ మాటకు నాకు అక్కడ నిలబడ బుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున పరీక్ష. గదిలో ఆ పెద్దాయన, పక్కన మా హెడ్ సారు. పెద్దాయనకు వెడల్పాటి నుదురు, కాలరు దగ్గర సిరా మరక. మొదట అడిగినవాటికి నసిగాను. బాగా చెప్పలేదని నాకే తెలుస్తోంది. అప్పుడాయన ఒక ప్రశ్న వేశాడు. కొత్త ఇంజను ఆయిలుకు ఒక ఫ్లాష్ పాయింట్ ఉంది. అదే ఆయిలు లారీలో వాడి తీశాక చూస్తే బాగా తగ్గింది. ఎందుకు?

నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ చదివినట్టు గుర్తు రాలేదు. తెలియదు సార్ అనడానికే నోరు తెరిచాను.

నోట్లోంచి వచ్చింది అది కాదు. "సాబ్, ఆయిల్‌మే పెట్రోల్ గిరా" అన్నాను. పిస్టన్ రింగులు అరిగితే కాలని పెట్రోలు సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్లో కలుస్తుందని, పెట్రోలు తొందరగా ఆవిరవుతుంది కాబట్టి చమక్ ముందే వచ్చేస్తుందని, ఆ చమక్ చూసి బండి జబ్బు చెప్పొచ్చని, గడగడా చెప్పుకుంటూ పోయాను. సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు. చమక్, పకడ్ అనే మాటలు వచ్చినప్పుడల్లా నా చెయ్యి గాలిలో దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుంటోంది. అది సామేలు అలవాటు. నా చెయ్యి చేస్తుంటే నేను చూస్తున్నాను.

హెడ్ సారు తలెత్తి నా వంక చూశాడు. చాలాసేపు అట్లాగే చూశాడు.

పెద్దాయనకు మస్తు సంతోషమైంది. అప్పుడే ఆయనకు చాయ్ వచ్చింది. ఆయన సగం సాసర్లో పోసుకుని, కప్పులోది తనకుంచుకుని, సాసరు నా ముందుకు జరిపాడు. తాగమన్నాడు. ఒక్క గుక్క తాగాను. ఒట్టి చేదు. పాలు పోసిన చాయ్, చక్కెర వాసన ముక్కుకు తెలుస్తోంది, నాలుక మీద మాత్రం కషాయం. మిగతాది తాగలేకపోయాను. అదే చాయ్ ఆయన ఇష్టంగా తాగాడు.

బయటికి వచ్చి తిన్నగా దవాఖానకు బస్సెక్కాను. వరండాలో రాహేలమ్మ కూర్చుని ఉంది. ముఖం తేటగా ఉంది. జ్వరం దిగిందట, సామేలు నిద్రపోతున్నాడట.

"పొద్దుగాల మస్తు భయపడ్డ బిడ్డా" అంది. "ఒకటే మాట్లాడవట్టిండు. సాబ్ సాబ్ అనుకుంట ఇంగిలీసుల, తురకంల. పెట్రోల్ అంటడు, చమక్ అంటడు. ఎవలతోని మాట్లాడుతున్నవ్ కొడుకా అంటె, ఆగుమని చెయ్యి చూపెట్టిండు. అంతల నర్సమ్మ మందు పోసింది. సాబ్, చాయ్ చేదున్నది అన్నడు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే."

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. 

సామేలు లేచాక మొదట అడిగిన మాట, "నా పరీక్ష మంచిగైంది కదరా?" అని. జ్వరపు ముఖంలో ఆ నవ్వు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. "ఆయన నాకు సాసర్ల చాయ్ ఇచ్చిండు. నేను తాగలే. గని మన హెడ్ సాబ్ నా దిక్కు గట్ల చూసిండేంది?" అన్నాడు. వాడు మంచం దిగలేదు. ఆ గదిలో ఎవరున్నారో, ఎవరు ఎవరి వంక చూశారో నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు.

సీటు నాకు వచ్చింది. పేరు బోర్డు మీద పెట్టిన రోజే హెడ్ సారు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ జవాబు నాది కాదు సార్, సామేలుది అన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "మీరిద్దరూ కలిసి చదివారు. వాడి మాటలు నీకు పట్టుబడ్డాయి. అంతే" అన్నాడు. అదే నిజం కావచ్చు. ఆ ఇంజను ఆయిలు సంగతి వాడెప్పుడో చెప్పి ఉండొచ్చు, నేను మరచిపోయి ఉండొచ్చు. మరి చాయ్ సంగతి? అది కూడా ఆయనను అడిగాను.

నేను పట్టు వదల్లేదు. ఒక్కసారి సామేలు నోట వినండి సార్, తర్వాత మీ ఇష్టం అన్నాను. ఆయన నిజంగానే దవాఖానకు వచ్చాడు. నాకు ఎంత ఆశ కలిగిందో చెప్పలేను. మంచం పక్కన కూర్చుని మెల్లగా, అన్నిటికన్నా తేలికైన ప్రశ్న అడిగాడు. ఫ్లాష్ పాయింట్‌కూ ఫైర్ పాయింట్‌కూ తేడా ఏమిటి?

సామేలు ఉత్సాహంగా లేచి కూర్చున్నాడు. "సాబ్, పహ్లే చమక్" అన్నాడు. ఆగిపోయాడు. చెయ్యి గాలిలోకి లేచింది, ముడుచుకోలేదు. మళ్లీ "చమక్" అన్నాడు. తర్వాత నా వంక చూశాడు. మిగతా మాట నీ దగ్గరుంది, ఇవ్వు అన్నట్టు చూశాడు.

హెడ్ సారు వాడి భుజం తట్టి లేచాడు. బయటికి వచ్చాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. జ్వరం తలకెక్కిందని, కొన్నాళ్లకు జ్ఞాపకం తిరిగి వస్తుందని డాక్టర్లు అన్నారు. వాడికి మాటా నడకా అన్నీ తిరిగి వచ్చాయి. చదువొక్కటి రాలేదు. తాను పరీక్షలో జవాబు చెప్పానన్న సంగతి కూడా కొద్దిరోజుల్లో వాడి మనసులోంచి జారిపోయింది. నేను అస్సాం రైలెక్కే రోజు స్టేషన్‌కు వచ్చి, "నీకు వచ్చుడే మంచిదైందిరా నరహరీ, నాకు చలి పడది" అన్నాడు. వాడు నన్ను ఓదారుస్తున్నాడు. నేను తల దించుకుని సామాను సర్దుతున్నట్టు నటించాను.

నేను చేసిన తప్పు ఏదీ లేదు. ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు. తప్పు చేసి ఉంటే కాళ్లు పట్టుకుని క్షమించమనేవాణ్ణి, వాడు నాలుగు తిట్టేవాడు, అయిపోయేది. వాడి జవాబుతో నేను అన్నం తిన్నాను, ఇల్లు కట్టాను. దానికి ఎవరిని ఏమని అడగాలి?

కొన్నేళ్లకు సెలవు మీద వచ్చినప్పుడు వాడి దగ్గరికి పోయాను. శాలిబండ మలుపులో గ్యాస్‌నూనె డిపోలో వాడికి పని. బస్తీ వాళ్లు నన్ను ఏమని ఆటపట్టించారో అది వాడి విషయంలో నిజమైంది. డబ్బాలోంచి కొలిచి పోస్తూ, నన్ను చూసి ఎగిరి గంతేశాడు. పీపా మీద కూర్చోబెట్టాడు. వద్దంటున్నా వినకుండా పక్క హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. కప్పు ఒక్కటే వచ్చింది. సగం సాసర్లో పోసి నా ముందుకు జరిపాడు.

తాగాను. చేదుగానే ఉంది. ఆపకుండా మొత్తం తాగాను.

వాడు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు, "నరహరీ, ఒక మాట యాదికి వస్తలేదురా. నూనె మీద ముందుగాల చమక్ వస్తది. తర్వాత వచ్చేదాన్ని ఏమంటరు?"

"పకడ్" అన్నాను. 

"పకడ్" అన్నాడు వాడు. రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. ముఖం విప్పారింది. "మంచిగున్నదిరా మాట. నువ్వే పెట్టినవా?"

నీదేరా అన్నాను. వాడు నమ్మలేదు. చదువుకున్నోనివి, గిట్లనే అంటవ్ అని నా వీపు మీద చరిచి, నవ్వుకుంటూ తర్వాతి మనిషి డబ్బా అందుకున్నాడు.

ఆ పొద్దున ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. కొరివి దయ్యం గురించి ఎవరైనా అడిగితే ఇప్పుడు కూడా గ్యాసు అనే చెబుతాను. సామేలు గురించి అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు గదిలో చెప్పింది కూడా నేను కాదు.