ఒక చుట్టు వదులు

కుళాయి కట్టేసే విషయంలో మానవజాతి రెండుగా చీలిపోయిందన్న సంగతి చరిత్రకారులు ఇంకా గమనించినట్టు లేదు. నీళ్ళు ఆగగానే చెయ్యి తీసేసేవాళ్ళు ఒక వర్గం. నీళ్ళు ఆగినా వాటి మీద నమ్మకం కుదరక ఇంకో అర చుట్టు తిప్పేవాళ్ళు రెండో వర్గం. ఈ రెండో వర్గానికి మకుటం లేని మహారాజు వీధి చివర కళ్ళద్దాల దుకాణం ఆయన. వీధంతా ఆయన్ని బిగింపు బాబాయి అనేది. ఆయన కట్టిన కుళాయిని ఆ ఇంట్లో ఇంకొకరు విప్పిన దాఖలా లేదు. చక్కెర డబ్బాకి ఆయన మూత పెట్టాడంటే, మళ్ళీ ఆయన ఇల్లు చేరేదాకా కాఫీ లేనట్టే.

“ఏవండీ, డబ్బా మీరు మూశారా?” అని భార్య దుకాణానికి ఫోన్ చేసేది.

“మూశాను. ఏం?”

“ఏం లేదు, చుట్టాలొచ్చారు. మీరూ ఓసారి వచ్చి పోతారేమోనని.”

ఆయన చేసిన కళ్ళద్దాలు జారిపోతున్నాయని ఎవరూ తిరిగి రాలేదు. తలనొప్పని మాత్రం కొందరు వచ్చారు.

ఆయన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి ఆయనకి చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కూడా రాదు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి, తమ్ముణ్ణి చదివించి, రేవు ఎదురుగా డాబా ఇల్లు కట్టించింది. తన పెళ్ళి మాట ఎవరెత్తినా “లైను బిజీ” అని నవ్వేసి, అలాగే రిటైరైంది. ఆవిడ ముక్కు మీదికెక్కిన ప్రతి జత అద్దాలూ తమ్ముడి చేతిమీదుగా వెళ్ళినవే.

ఆ ఏడు మాత్రం ఏ అద్దమూ పనిచెయ్యలేదు. చూపు అంచుల నుంచి మూసుకుపోతోందన్నాడు డాక్టరు. పక్కలు ఇప్పటికే పోయాయి, నడుమ కాస్త మిగిలింది, అదీ ఎంతో కాలం ఉండదు. అద్దాలతో అయ్యే పని కాదని మెల్లగా చెప్పాడు. బతుకంతా అద్దాలమ్మినవాడు ఆ మాట విని, డాక్టరు బల్ల మీది పెన్ను తీసుకుని, దాని క్యాప్ గట్టిగా బిగించి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

ఇంటికొచ్చాక అక్క అంది: “డాబా మీంచి సముద్రాన్ని కావలసినంత చూశాన్రా. సముద్రం మీంచి మన ఇల్లు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూస్తే చాలు.”

“అదెంత పని? రేవులో మోటారు పడవ మాట్లాడతా. రేపే వెళ్దాం.”

“మరి మన షెడ్డులో ఉన్నదేమిటి? మంచమా?”

షెడ్డులో ఉన్నది పడవ. ఏళ్ళ తరబడి ఆయన ఆదివారాలన్నీ మింగేసి, భార్యకి బట్టలారేసుకునే చోటు కూడా లేకుండా చేసి, ఇంకా పూర్తికాని చిన్న తెరచాప పడవ.

“తొలి సవారీ నాదేనన్నావు. ఆ మాట వెనక్కి తీసుకో, మోటారు పడవెక్కుతా.”

ఆయన వెనక్కి తీసుకోలేదు. మిగిలిన పనంతా ముగించి పడవని రేవు ఒడ్డుకి చేర్చాడు. ఒళ్ళు ప్లైవుడ్డు. తెరచాప భార్య పాత కుట్టుమిషను మీద కుట్టింది. నడుమ తెరచాప కట్టే స్తంభం, దాని పాదం పడవ అడుగున ఆని ఉంటుంది. స్తంభం కొస నుంచి మూడు ఉక్కు తీగలు కిందికి దిగుతాయి: ఒకటి ముందుకి, రెండు చెరో పక్కకి. ప్రతి తీగ చివరా తిప్పితే బిగుసుకునే ఇత్తడి మర. అలాంటి మరలు మూడు బిగింపు బాబాయి చేతికి చిక్కడం ఆ ఊరి నౌకాచరిత్రలో ఒక ఘట్టం. వేలితో మీటితే తీగ ఖంగుమనాలని ఆయన పట్టు. ఖంగుమనిపించాడు కూడా.

ముందు ఒంటరిగా వెళ్ళి చూశాడు. స్తంభం పాదం దగ్గర నీళ్ళు ఊరాయి. ఒడ్డుకొచ్చి చెక్క జిగురు పోసి, ఆరబెట్టి, ఎందుకైనా మంచిదని మూడు తీగలకీ ఇంకో చుట్టు బిగించాడు. ఈసారి నీళ్ళు ఇంకా ఎక్కువొచ్చాయి. మళ్ళీ జిగురు, మళ్ళీ బిగింపు. మూడోసారి మగ్గుతో తోడుకుంటూ తిరిగొచ్చాడు.

“పడవ బాగానే ఉందండీ. నీళ్ళు బయటే ఉండాలని దానికెవరూ చెప్పినట్టు లేదు, అంతే,” అంది భార్య.

నవ్వడానికి ఆయనకి ఓపిక లేదు. వానలు పడితే రేవులో చిన్న పడవలన్నీ ఒడ్డెక్కాల్సిందే, మళ్ళీ వచ్చే ఏడే. ఇంట్లో అక్క గ్లాసుని బల్ల అంచు దాటించి గాల్లో పెడుతోంది. వచ్చే ఏడు అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు.

ఒక సాయంత్రం మరదలి చెయ్యి పట్టుకుని అక్కే ఒడ్డుకొచ్చింది. తమ్ముడు పడవలో బోర్లా పడుకుని జిగురు పోస్తున్నాడు. ఆవిడ తడుముకుంటూ పక్క తీగ పట్టుకుంది.

“ఇదేమిట్రా, కడ్డీలా ఉంది?”

“తీగేనక్కా. వదులుంటే స్తంభం పడిపోతుంది.”

ఆవిడ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. “ఇలా లేచి నా ముక్కు చూడు.”

ముక్కుకి రెండు వైపులా ఎర్రగా గుంటలు.

“జారకూడదని చెవుల వెనక లాగి బిగిస్తావు. చెవులకేం, బాగానే ఉంటాయి. ఆ లాగుడంతా వచ్చి ఇక్కడ దిగుతుంది.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“మనసు పెట్టి చేశావు కదా అని. నీ స్తంభానికి చెవులున్నాయో లేదో నాకు తెలీదు. ముక్కు మాత్రం ఉందిరా.”

ఆయన ముక్కు వంక చూశాడు, తర్వాత స్తంభం పాదం వంక చూశాడు. మూడు తీగలూ కిందికి లాగుతుంటే, స్తంభం అడుగు చెక్కల్ని మేకులా చీలుస్తోంది. బిగించిన కొద్దీ నీళ్ళు. పాపం, జిగురు తప్పేమీ లేదు.

ముందు అక్క అద్దాలు తీసుకుని కొనలు కాస్త వదులు చేశాడు. తర్వాత ఒక్కో మరనీ ఒక్కో చుట్టు వెనక్కి తిప్పాడు. మీటితే తీగ ఖంగుమనలేదు. ఆ క్షణంలో ఆయన మొహం చూసినవాళ్ళు దుకాణం తగలబడిందనుకునేవాళ్ళే.

జిగురు ఆరాక అక్కాతమ్ముళ్ళిద్దరూ బయల్దేరారు. పక్క చూపు లేదు కనుక అక్క ఒక పక్క తీగని పట్టుకుని కూర్చుంది. గాలికి పడవ అటే ఒరిగింది. ఆవిడ చేతిలోని తీగ వదులై ఊగింది. తమ్ముడి చెయ్యి దానంతటదే మర మీదికి వెళ్ళింది.

“చెయ్యి తియ్యి.”

“వదులైందక్కా!”

“నా చేతిలోనే ఉంది, నాకు తెలీదూ? అవతలిది లాగుతోంది కదా. దీన్ని కాసేపు ఊరుకోనీ.”

రేవు మధ్యలో ఆయన పడవని తిప్పాడు. తెరచాప అటు నుంచి ఇటు పడింది. అక్క చేతిలోని తీగ, ఎవరూ ముట్టుకోకుండానే, బిగుసుకుంది. ఆయన వంగి స్తంభం పాదం తడిమి చూశాడు. పొడిగా ఉంది.

“దీపస్తంభం కనిపిస్తోందా? దానికి ఎడమకి రా. పసుపు మేడ. దాని పక్కది మనదే.”

ఆవిడ తాళం కన్నంలోంచి చూస్తున్నదానిలా తలని మెల్లగా, కొంచెం కొంచెంగా, తీరం వెంట జరిపింది. ఒక చోట ఆగింది. కనిపించిందా అని అడిగి లాభం లేదు. కనిపించకపోయినా తన కోసం కనిపించిందనే మనిషి ఆవిడ. చుక్కాని పట్టుకుని, అక్క కంట నీళ్ళు తిరుగుతాయేమోనని కాచుకుని కూర్చున్నాడు.

“డాబా మీద నీళ్ళ ట్యాంకుకి మూత లేదేమిట్రా?” అంది అక్క.

“ఎందుకుండదక్కా? నేనే తాడేసి బిగించి కట్టాను.”

ఇంటికి చేరగానే, తడి ప్యాంటుతోనే ఆయన డాబా ఎక్కాడు. మూత లేదు. తాడు మధ్యలో తెగి వేలాడుతోంది. ట్యాంకులో ఒక కాకి ఈక తేలుతోంది.