మాకొచ్చిన పావు పొద్దు

అనసూయా, నా రాత వంకరగా ఉంటుంది, తప్పులూ ఉంటాయి. ఏమీ అనుకోకు. అయిదో క్లాసుతో ఆగిపోయిన చెయ్యి ఇది. బడి ఎందుకు మానేశావని మొన్న అనకాపల్లి సంతలో నువ్వు అడిగావు కదా, అందుకే ఇది రాస్తున్నాను...

మన చిన్నప్పుడు... మునగపాకలో మా నాన్నకీ, పెదనాన్నకీ, చిన్నాన్నకీ కలిపి ఒకటే నుయ్యి, ఒకటే ఏతం. పొద్దు పొడిచింది మొదలు కుంగేదాకా వంతులవారీగా ఏతంతో నీళ్ళు తోడి చెరుకుకి పెట్టుకునేవారు. నాన్న పోయాక పెదనాన్న ఆ వంతులు మళ్ళీ పంచాడు.

"పెద్దోడిని, ముందు నాకు సగం పొద్దు. తమ్ముడికి మూడో వొంతు. ఆకర్ని మీకు పావు. ఇంకేటి కావాల?"

అమ్మ తలూపింది. పావు దక్కిందనుకుంది పాపం...

మాస్టారు అప్పుడే భిన్నాలు చెబుతున్నారు కదా. నూతి గట్టున తడిమట్టిలో పుల్లతో వేసి చూశాను. కింది అంకెలన్నీ పన్నెండు చేశాను. సగానికి ఆరు, మూడో వంతుకి నాలుగు, పావుకి మూడు... కలిపితే పదమూడు! పొద్దు మొత్తం పన్నెండు వంతులే. వాళ్ళిద్దరి పదీ తీసేస్తే మాకు మిగిలేది రెండు.

"పెదనాన్నా, మాకు పావు రాదు. ఆరో వొంతే వత్తాది" అన్నాను.

చిన్నాన్న పగలబడి నవ్వాడు. "ఓలమ్మో, మేస్టారమ్మ వచ్చేసింది! సూరీడ్ని కూడా పలక మీద కూకోబెడతావేటే?"

పెదనాన్న నవ్వలేదు. "పిల్లకి సదువు ముదిరిపోనాది. రేపట్నించి బడి మానిపించి ఏతం కాడికి పంపించు" అన్నాడు అమ్మతో.

అమ్మ నా చేతిలో పుల్ల లాక్కుంది. "ఊరుకోయే... ఈళ్ళతోటి తగువెట్టుకుని ఎక్కడ బతుకుతాం?" కాలితో ఆ గీతలన్నీ తుడిచేసింది.

మర్నాడు బడికి రమ్మని నువ్వు వీధిలోంచి పిలిచావు. నేను పెరటి దారిన ఏతం దగ్గరికి పోయాను.

ఆ వేసవి అమ్మ ఏతం తొక్కితే నేను నీళ్ళు వంచేదాన్ని. మడి సగమైనా తడవకముందే చీకటి పడేది... చెరుకు నిలువునా ఎండిపోయింది. మరుసటి ఏడు అప్పు కింద ఆ మడి పెదనాన్నదైంది. అందులోనే అమ్మ కూలికి కలుపు తీసింది.

ఇప్పుడా నూతికి మోటారు పెట్టారట. ఏతం పీకేశారట. వంతుల గొడవే లేదు... అడిగేవాళ్ళు లేరు కదా.

నీ చదువు ఎందాకా సాగిందో, ఆ రోజులు నీకేం గుర్తున్నాయో రాయి. ఇది మాత్రం చదవగానే పొయ్యిలో పెట్టెయ్యి. అమ్మ ఇంకా వాళ్ళ పంచనే ఉంది.