నాపరాయి మీద ఎర్రచుక్క

మొన్న ఒక పెళ్లికి నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సులో పోతుంటే, శిరివెళ్లకు కాస్త ముందు రోడ్డు పక్కన ఒక కారు బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. దాని యజమాని భుజం మీది టవలుతో ఇంజనుకు విసురుతున్నాడు. మూర్ఛపోయిన మనిషికి విసిరినట్టు విసిరితే ఇంజను లేచి కూర్చుంటుందని నమ్మేవాళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. బస్సులో అందరూ అటు చూసి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సరిగ్గా ఆ చుట్టుపక్కలే, ఇలాంటి మేనెల ఎండలోనే, మా బావ కారు ఒకసారి ఆగిపోయింది. అప్పుడు అందులో మా అక్క ఉంది.

బావ అంటే మా అక్క మొగుడు. ఆళ్లగడ్డలో ఇనుప సామాన్ల అంగడి. ముప్పై ఏళ్లు బోల్టులు, నట్లు, గొళ్లాలు, బావుల మోటార్లకు పైపులు అమ్మాడు. అమ్మినంత కాలం అమ్మి ఊరుకుని ఉంటే బాగుండేది. అమ్మే ప్రతి వస్తువూ తనే కనిపెట్టినట్టు మాట్లాడటం ఆయన అలవాటు. అంగడికి వచ్చిన మేస్త్రీకి గోడ కట్టడం, వడ్రంగికి తలుపు బిగించడం నేర్పించి పంపేవాడు. నేను నంద్యాలలో ఫిజిక్సు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉష్ణం గురించి, పీడనం గురించి వేలమంది పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. అలాంటి నాకు భోజనాల దగ్గర కూర్చుని కుక్కర్ ఎందుకు కూస్తుందో వివరించేవాడు. వివరణ మొదటి నుంచి చివరిదాకా తప్పు. నేను సరిదిద్దేవాణ్ణి కాను. మజ్జిగ అన్నం మీదికి వంగి లోపల నవ్వుకునేవాణ్ణి. పదవ తరగతి తప్పిన మనిషిని చూసి ఎమ్మెస్సీ చదివినవాడు నవ్వే నవ్వు ఒకటుంటుంది. అది నాకు బాగా అబ్బింది.

అక్కకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడు రోజులు నంద్యాలకు వచ్చి డయాలిసిస్ చేయించుకోవాలి. బస్సు ప్రయాణం ఆమెకు పడటం లేదని బావ ఒక పాత కారు కొన్నాడు. గేర్లు వాటంతట అవే మారే రకం. ఆయన ఎడమ మోకాలు సరిగా వంగదు, క్లచ్ తొక్కలేడు, అందుకని అది. అక్కను ఆసుపత్రిలో దింపి, మంచం మీద పడుకోబెట్టి, సూదులు గుచ్చేదాకా ఉండి, తర్వాతి నాలుగు గంటలు గడపడానికి మా ఇంటికి వచ్చేవాడు. మా ఆవిడ "అన్నయ్యా" అంటూ ఉగ్గాని, బజ్జీ పెట్టేది. తిని, మిరపకాయ బజ్జీలో వాము తక్కువైందని చెప్పి, నా పడకకుర్చీలో కూర్చుని ఫోనులో వీడియోలు చూసేవాడు. నా కుర్చీ, నా ఫ్యాను, నా మధ్యాహ్నం. ఆ మనిషి కాళ్లు చాపుకుని ఉన్నంతసేపూ నేను గదిలో పేపరు అడ్డం పెట్టుకుని సహించేవాణ్ణి.

ఎండలు ముదిరేసరికి ఆ కారుకు జబ్బు చేసింది. ఇరవై కిలోమీటర్లు నడిచేసరికి గేరుబాక్సు వేడెక్కి గుంజుకునేది. నంద్యాల మెకానిక్కు చూసి, గేరుబాక్సులో నూనె కాగిపోతోందని, ఏసీ ఆపేసి నిదానంగా నడపమని చెప్పాడు. డయాలిసిస్ అయ్యాక అక్క పిండేసిన గుడ్డలా ఉండేది. ఆమెను మేనెలలో ఏసీ లేకుండా నలభై కిలోమీటర్లు తీసుకుపోవడమా అని బావ మండిపడ్డాడు.

"ఈ మెకానిక్కులకు ఏం తెల్సప్పా? నా అంగట్లో బోల్టు కొనుక్కపోయి నాకే బిగిచ్చి చూపిస్తారు" అన్నాడు.

వారం తిరిగేసరికి ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో రేకుల రేకుల చిన్న రేడియేటరు, రెండు గజాల నల్ల రబ్బరు పైపు, నాలుగు క్లిప్పులు. గేరుబాక్సు నూనె ఆ రేకుల గుండా తిరిగి, ఎదురుగాలికి చల్లబడి, మళ్లీ లోపలికి పోతుంది. కారు ముందరి జాలీ వెనక దాన్ని కట్టాలి. పాత పైపు ఒకచోట కోసి, కొత్త పైపులు తగిలించి, క్లిప్పులు బిగించాలి. సిద్ధాంతం సరైనదే. అది సరైనది కావడం నాకు మరీ కష్టంగా అనిపించింది.

కారును మా ముంగిట్లోకి తెచ్చి, ముందు చక్రాలను రెండు వరసల నాపరాళ్ల మీదికి ఎక్కించాడు. మా ఆవిడ ఇచ్చిన పాత దుప్పటి పరచి, మోకాలు వంగక, పక్కకు దొర్లి కిందికి దూరాడు. కారు కింద నుంచి రెండు కాళ్లు, ఒక పంచె అంచు మాత్రం కనిపించేవి. కడుపు మీద ఫోను, ఫోనులో వేరే దేశపు కుర్రవాడెవడో వేరే కారుకు వేరే రేడియేటరు బిగిస్తున్నాడు. వాడొక పానా తిప్పితే ఈయనొక పానా తిప్పేవాడు. ఒకసారి వీడియో ఆగి మధ్యలో తలనూనె ప్రకటన వస్తే, అది అయిపోయేదాకా పానా గాల్లో పట్టుకుని కదలకుండా పడుకున్నాడు. నేను వరండాలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో పిల్లలను చూసినట్టు చూస్తున్నాను.

ఉండబట్టలేక ఒకసారి అన్నాను. "బావా, నూనె వేడెక్కితే పల్చబడతాది. క్లిప్పు బాగా బిగియాల."

కారు కింద నుంచి జవాబు వచ్చింది. "సారూ, పుస్తకంలో గేరుబాక్సు బొమ్మ ఉంటాది. గేరుబాక్సు ఉండదు. నువ్వు పోయి పేపరు సదువుకో."

మా ఆవిడ నవ్వింది. గోడ అవతలి పక్కింటాయన కూడా నవ్వాడు. నేను పోయి పేపరు పట్టుకున్నాను.

పని చివరికొచ్చేసరికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అక్కకు బీపీ పడిపోయిందని, ఆరోజు కొంచెం ముందే ఆపేశామని, వచ్చి తీసుకెళ్లమని చెప్పారు. బావ గాభరాగా బయటికి దొర్లాడు. సామాన్లు డిక్కీలో విసిరేసి, నూనె పోసి, ఇంజను ఆన్ చేసి, నాపరాళ్ల మీది నుంచి కారు దింపాడు. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పరిగెత్తాడు. ఆ రెండు నిమిషాలు కారు ముంగిట్లో మోగుతూ నిలబడింది.

నేను వరండాలోనే ఉన్నాను. కారు ముక్కు కింద, ముంగిట్లో పరిచిన బూడిదరంగు నాపరాయి మీద, ఒక ఎర్రచుక్క పడింది. గేరుబాక్సు నూనె ఎర్రగా ఉంటుంది. చూస్తుండగానే పక్కన ఇంకొకటి పడింది. నాలుగు క్లిప్పుల్లో ఒకటి సరిగా బిగియలేదు. అది దారిలో వేడెక్కితే నూనెంతా కారిపోయి ఏమవుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. బావ తడిచేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు. నా ముందు నుంచే పోయాడు. నేను నోరు తెరవలేదు. దారిలో ఎక్కడో ఆగుతుంది, మెకానిక్కును పిలుచుకోవాలి, మళ్లీ వచ్చినప్పుడు మా ఇంట్లో ఉగ్గాని తల వంచుకుని తింటాడు. ఇదీ నా లెక్క. ఇంత చదువుకున్నవాడి లెక్కలో వెనక సీట్లో పడుకోబోయే మనిషి లేదు.

గంట తర్వాత అక్క ఫోను చేసింది. గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఒరే, శిరివెళ్ల రాకముందే నిలబడిపోయినాం. ఇంజను మోగుతాంది, బండి కదల్లే. నువ్వొచ్చేటప్పుడు ఐసుముక్కలు తీసుకరా. నీళ్లు తాగగూడదు గదా నేను."

పక్కింటాయన కారు అడిగి, ఐసు ఫ్లాస్కులో వేసుకుని పోయాను. ఆ ఇరవై కిలోమీటర్లు ఎలా పోయానో నాకు గుర్తు లేదు. అక్కడ చెట్టు లేదు, ఇల్లు లేదు, రెండు పక్కలా కోతలైపోయిన చేలు. అక్క వెనక సీట్లో, తలుపు తెరిచిపెట్టి, తల వెనక్కి వాల్చి పడుకుని ఉంది. సూదులు గుచ్చిన చేయి ఒళ్లో పెట్టుకుంది. బావ తలుపు దగ్గర ఎండకు అడ్డంగా నిలబడి, రెండు చేతులతో తన చొక్కా పరిచి పట్టుకుని నీడ చేస్తున్నాడు. ఒంటి మీద బనీను మాత్రమే ఉంది. భుజాలు కందిపోయాయి. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డాడో అడగలేదు. ఒంటి బరువంతా వంగే కాలి మీదే మోపాడు.

అక్క నోట్లో ఐసుముక్క పెట్టాను. బావ నా వైపు తిరిగాడు. ముప్పై ఏళ్లలో ఆ మొహంలో నేను చూడనిది అప్పుడు చూశాను. ఆయనకు ఏమీ తెలియడం లేదు.

"ఏందో అర్థం కాలే సారూ. అంతా ఆ వీడియోలో వాడు చేసినట్టే చేస్తి. నీకేమన్నా తెలుస్తాందా?"

ఆ ప్రశ్న కోసం నేను ముప్పై ఏళ్లు ఎదురుచూశాను. అది వచ్చినప్పుడు ఫ్లాస్కు మూత బిగించి కింద పెట్టాను.

"ఇంటికాడ నూనె చుక్క కారింది బావా. నేను చూసినా."

"చూసి?"

"చెప్పలే."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చొక్కా దించకుండానే, తుప్పు పట్టిన బోల్టును అవతల పారేసేముందు చూసినట్టు నన్ను చూశాడు.

"నేను తప్పు బిగిచ్చినా. తెలీక బిగిచ్చినా. నువ్వు తెలిసి గమ్మునుండావే సారూ."

అక్క కళ్లు తెరిచింది. ఐసుముక్క బుగ్గకు నెట్టుకుని, మా ఇద్దరినీ కలిపి అంది. "మీలో ఎవురు గొప్పోడో తేల్చుకునేకి వేరే బండి చూసుకోండప్పా. దీంట్లో నేను కూచ్చుంటా."

ఆమెను, బావను పక్కింటాయన కారులోకి మార్చి ఆళ్లగడ్డకు తీసుకుపోయాను. ఆ సాయంత్రానికి అక్క కోలుకుంది. నేను కోలుకోలేదు. భోజనం పెడితే తినలేకపోయాను. నా మీద నాకే అంత రోత అంతకుముందు ఎప్పుడూ పుట్టలేదు.

తర్వాతి డయాలిసిస్ రోజున అక్క బాడుగ కారులో వచ్చింది. బావ తన కారును ఒక ట్రాక్టరుకు కట్టించి మా ముంగిట్లోకి లాక్కొచ్చాడు. ఈసారి ఫోను జేబులోనే ఉంది. నేను లుంగీ కట్టుకుని, ఎవరూ పిలవకుండానే, వెళ్లి కారు కింద ఆయన పక్కన పడుకున్నాను.  ఆయన "ఈ క్లిప్పు పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. మూడోసారికి గానీ నా చేతిలో పానా సరిగా తిరగలేదు. నూనె నా కళ్లజోడు మీద, మీసం మీద పడింది. ఉష్ణం గురించి పాఠాలు చెప్పినవాణ్ణి, వేడి నూనె చర్మానికి తగిలితే ఎలా ఉంటుందో ఆరోజు తెలుసుకున్నాను. బిగించాక కారు కింద పేపరు పరచి, గంటసేపు ఇంజను నడిపి, ఇద్దరం గొంతుక్కూర్చున్నట్టు వంగి పేపరునే చూశాం. చుక్క పడలేదు.

"నువ్వు ఇంకోసారి చూడు సారూ. నీ కండ్లు మంచియి గదా" అన్నాడు బావ.

ఆ మాట ఆయన వదల్లేదు. ఆ తర్వాత రెండేళ్లకు పైగా, ఆళ్లగడ్డకు బయల్దేరే ముందు ప్రతిసారీ, మా ఆవిడ ముందు, పక్కింటాయన ముందు, "సారూ, కిందికి చూసి చెప్పు" అనేవాడు. నేను చొక్కా మాసినా సరే, వంగి చూసి, "ఏం లేదు బావా, పో" అనేవాణ్ణి. అది శిక్షో, నమ్మకమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కారు మళ్లీ ఎప్పుడూ దారిలో ఆగలేదు. అక్క ఏసీ వేసుకుని, వెనక సీట్లో నిద్రపోతూ ఇంటికి చేరేది. చివరికి ఆమె పోయింది. కారు వల్ల కాదు, మా వల్లా కాదు, ఆ జబ్బు వల్లే. ఆ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

బావ ఇప్పటికీ తప్పుడు సిద్ధాంతాలు చెబుతూనే ఉంటాడు. మొన్న పెళ్లిలో కూడా, షామియానా ఎందుకు ఎగురుతోందో నాకు అరగంట వివరించాడు. అంతా తప్పే. ఈసారి నేను విన్నాను. ఎదుటివాడు ఎప్పుడు తప్పుచేస్తాడా అని కాచుకుని కూర్చున్న కాలం కూడా మన ఆయుష్షులోంచే పోతుందని ఆ వయసులో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా, వాళ్లు ఎంతదాకా చదువుకున్నారో ముందు అడిగి ఉండేవాణ్ణి.