ఊరగాయ సీసాలో పిడుగు

బరంపురం గేట్ బజార్‌లో ఉండే మా బాబాయికి, ఇంట్లోంచే దూరపు ఊళ్లవాళ్లతో మాట్లాడే హ్యామ్ రేడియో అంటే ప్రాణం. దూరంగా ఉరుము వినిపిస్తే చాలు, ఎవరితో మాట్లాడుతున్నా సరే, డాబా మీంచి దిగే ఏరియల్ తీగను రేడియో నుంచి పీకేసి, దాని కొసను పిన్ని ఊరగాయ సీసాలో దూర్చేసేవాడు.

"పిడుగు పవరంతా ఈ గాజులోనే సావాల, నా రేడియో జోలికి రాకూడదు!" అనేవాడు. మంచి సీసా పాడైపోయిందని పిన్ని సణిగేది.

ఒకసారి తుఫాను వెలిసిన మర్నాడు ఫోన్లు పనిచేయలేదు. ఖల్లికోటలో ఉన్న కూతురి సంగతి తెలియక పిన్ని అల్లాడిపోతోంది. చివరికి ఆ ఊళ్లోని బాబాయి స్నేహితుడు రేడియోలో దొరికాడు. "నీ కూతురు..." అన్నాడో లేదో, ఉరిమింది. బాబాయి టక్కున తీగ పీకేసి సీసాలో దూర్చేశాడు!

"పిల్ల సంగతి సెప్తంటే పీకేత్తారేటి!" అని పిన్ని అరిచింది.

అంతలోనే పెళపెళమని దగ్గర్లో పిడుగు పడింది! సీసాలో నీలంగా నిప్పురవ్వ చిటపటలాడింది. పిన్ని ఒక్క గెంతులో గుమ్మం అవతల పడింది.

ఉరుములు ఆగాక తీగ తగిలిస్తే రేడియో పలికింది. "నీ కూతురు మా ఇంట్లోనే అన్నం తింటంది. ఇంతసేపూ ఏటైపోనావురా?"

ఆ తర్వాత ఎప్పుడు ఉరిమినా బాబాయి లేచేలోపే పిన్ని సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చేది, అందులో మిగిలిన ఆవకాయను కంచంలోకి కుమ్మరించి మరీ!