నన్నెవరడగరైరి ఉయ్యాలో

మా పక్కింటి పెద్దమ్మ ఇక లేదని గత వారం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. కడసారి చూపు కూడా దక్కలేదు. మావాళ్లు మరమగ్గాల పనికి వలస వచ్చిన ఈ కోసాడ్‌లో మా గదికీ ఆమె గదికీ నడుమ ఒకే గోడ. అటువైపు నుంచి ఇప్పుడు ఆమె చప్పుడు రాదు.

నిరుడు లాక్‌డౌన్‌లో నేత సాంచెలు ఆగిపోయి మగవాళ్లంతా ఇళ్లలోనే ఉన్నారు. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేను. ఎమ్మే పాఠాలు ఫోన్‌లో వినడానికి మెట్ల మీద కూర్చునేదాన్ని. పెద్దమ్మ చాటలో బియ్యం పట్టుకుని అక్కడికే వచ్చేది.

"లోపట ఊపిరాడ్తలేదు బిడ్డా. జర నీ సదువన్న ఇననియ్యి."

అప్పుడు మా పాఠం, గ్రీకు పురాణాలను ఆడవాళ్ల వైపు నుంచి తిరగరాసిన ఈ కాలపు నవలలు. ఒక కథ చెప్పాను. పూలు కోస్తున్న పిల్లను పాతాళపు రాజు నేల చీల్చుకొచ్చి ఎత్తుకుపోయి పెళ్లాడతాడు. తల్లి దుఃఖానికి లోకంలో పంటలు ఎండిపోతాయి. చివరికి దేవుళ్లు కూర్చుని, ఏడాదిలో కొంతకాలం తల్లి దగ్గర, కొంతకాలం మొగుడి దగ్గర ఉండమంటారు.

"పంచాయితి మంచిగనే జేసిన్రు. గని పిల్లనడిగిన్రా?"

"పాత కథలో అడగలేదు పెద్దమ్మా. కొత్త నవలల్లో ఆ పిల్లే మాట్లాడుతుంది."

"మాట్లాడాలె మరి. నోరు లేదా దానికి?" మాస్కు కిందికి లాగి నవ్వింది. నవ్వాలంటే ఎప్పుడూ అలాగే లాగేది.

నా పరీక్షలో ఆ ప్రశ్న పట్టుకునే జవాబు రాశాను. ఆ మార్కులు ఆమెవే.

ఏటా బతుకమ్మకు తల్లిగారింటికి పోవడమే ఆమెకున్న ఒక్క సెలవు. ఆ ఏడాది కొన్ని రైళ్లు నడుస్తున్నా భర్త పోనివ్వలేదు.

"రోగం అంటిచ్చుకొస్తవా ఏంది? నువ్వు పోతే ఈడ ఒండేదెవరు?"

సర్దిన సంచి తలుపు వెనక మేకుకే ఉండిపోయింది.

పండగనాడు గుమిగూడవద్దన్నారు. ఆడవాళ్లం ఎవరి గడపలో వాళ్లం నిలబడ్డాం. తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయి? పెద్దమ్మ చీర ముక్కలతో పూలు చుట్టి బతుకమ్మను పేర్చింది. తల్లికి ఫోన్ కలిపి గడప మీద పెట్టి, పాట ఎత్తుకుంది. అది నేను చెప్పిన కథే.

"పూలు గొయ్యబోతి ఉయ్యాలో, పుడమి నోరు దెరిచె ఉయ్యాలో,
అందరు తీర్పిచ్చిరి ఉయ్యాలో, నన్నెవరడగరైరి ఉయ్యాలో."

గడపగడపా ఉయ్యాలో అంది. ఫోన్‌లోంచి ముసలి గొంతు ఒకటి ఆలస్యంగా అంది. లోపల ఆమె భర్త టీవీ శబ్దం తగ్గించాడు.

"మరి ఆ పిల్ల ఏమంటుంది పెద్దమ్మా?"

"ఇప్పుడే ఎట్ల జెప్త? వచ్చే ఏడు మా అవ్వ ముంగట జెప్త."

నిన్న వాళ్లవ్వ, ఆ ముసలి తల్లి, నాకు ఫోన్ చేసింది. చాలాసేపు ఏడ్చి అడిగింది, "గా పాటల పిల్ల ఆఖరికి ఏమన్నది బిడ్డా? నీకన్న జెప్పిందా?"

నేను వాళ్ల గది ముందే నిలబడి ఉన్నాను. తలుపు తీసే ఉంది. మేకుకు ఆ సంచి, దాని నోట్లోంచి బయటికి చూస్తూ పసుపు రంగు గుడ్డపూవు ఒకటి.